విజయవాడలో దోమలకి రోజూ పొగ కొట్టడం ఆపి, ఆ ఖర్చు నిలవ నీళ్లు చూడటం మీద పెడితే మేలు కాదా? (చర్చ)

రైవస్‌కాలవ_గట్టు:
సాయంత్రం పొగ బండి నాలుగు రోజులు రాకపోతే ఏ కాలనీలోనైనా ఒకటే మాట: "దోమల సంగతి ఎవరికీ పట్టలేదు." బండి వచ్చి వెళ్లిందంటే ఇక పని అయిపోయిందన్న ధీమా. ఆ ధీమాకి ఆధారం లేదంటాను.

పొగ బండిలో పోసేది టెక్నికల్ మలాథియాన్ (పలుచన చేయని దోమల మందు) ఒక పాలు, డీజిల్ 19 పాళ్లు. అంటే కొన్నదాంట్లో ఎక్కువ భాగం డీజిలే. ఆ తుంపర గాలిలో తేలుతున్నంతసేపు ఎగిరే దోమకి తగిలితే చస్తుంది. గోడ మీద ఏమీ నిలవదు. మన వేడికి గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, ఇవాళ చచ్చిన వాటి స్థానంలో రేపు పొద్దున్నే కాలవలోంచి, ట్యాంకులోంచి కొత్తవి లేస్తాయి. మలేరియా, డెంగీ లాంటి కేసు బయటపడ్డ చోట తప్ప పొగ ఆపేసి, ఆ మనుషుల్ని వారానికోసారి ఇంటింటి నీళ్లు చూడటానికి పంపాలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బుడమేరు_ఇవతల:
కాదంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు నీళ్లు తీశాక ఏ సందులో, ఏ ఖాళీ స్థలంలో, ఏ సెల్లారులో మడుగు మిగిలిందో లెక్క తేలే పనేనా? అలాంటప్పుడు లార్వాని (నీళ్లలో ఉండే దోమ పిల్లని) వెతుక్కుంటూ కూర్చోలేం.

ఇంకో లెక్క ఉంది. రోగి రక్తం తాగిన దోమ మర్నాడే మలేరియా అంటించలేదు. దాని కడుపులో క్రిమి పెరిగి లాలాజల గ్రంథికి చేరడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంత వయసు బతికిన దోమే ప్రమాదం. పెద్ద దోమల్ని చంపితే ఆ ముసలివే తగ్గుతాయి. లార్వాని చంపే పని దోమల సంఖ్య తగ్గిస్తుంది, వాటి వయసుని తాకదు.

పొగ పని చేయట్లేదంటే కొట్టే పద్ధతిలో లోపం. బండి గంటకి 6–8 కిలోమీటర్లు దాటకూడదు, మనవాళ్లు ఆటో వేగంతో పోతారు. గాలి గంటకి 15 కిలోమీటర్లు మించితే కొట్టకూడదు. మిట్టమధ్యాహ్నం కొడితే నేల వేడికి పొగంతా డాబాల పైకి లేచిపోతుంది. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు మాత్రమే నేలబారున నిలుస్తుంది. జనం తలుపులు, కిటికీలు తెరవాలి. తినేవి, తాగే నీళ్లు మూతపెట్టి, పిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్లని కాసేపు దూరంగా ఉంచాలి. తలుపు బిడాయించుకుంటే మంచం కింద దోమకి ఏమీ కాదు.

మైక్రోస్కోప్:
ఇద్దరూ "దోమలు" అని ఒక్క గంపలో వేసి మాట్లాడుతున్నారు. అసలు చిక్కు అక్కడే. సైడు కాలవ మురుగులో పుట్టి రాత్రంతా చెవి దగ్గర పాడేది క్యూలెక్స్. దానివల్ల మలేరియా రాదు, వస్తే బోదకాలు. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. పట్నాల్లో ముఖ్యంగా అనాఫిలిస్ స్టిఫెన్సీ, అది ఎంచుకునేది డాబా మీది ట్యాంకు, వాడని బావి, కట్టుబడి దగ్గర క్యూరింగ్‌కి నిలిపిన నీళ్లు. డెంగీ ఏడిస్‌కి కూలర్, పూలకుండీ కింది పళ్లెం, టైరు, ఫ్రిజ్ వెనక ట్రే. అది పగలే కుడుతుంది, ఇంట్లో వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది. సందె వేళ వీధిలో కొట్టే పొగ దాన్ని చేరదు.

"మా వీధి శుభ్రంగా ఉంది, మాకు మలేరియా ఏంటి?" అనే మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది. స్టిఫెన్సీకి కావలసింది ఆ శుభ్రమైన నీళ్లే.

ఎవరైనా చూసి తేల్చుకోవచ్చు. తెల్ల కప్పుతో ట్యాంకు అంచు దగ్గర నీళ్లు మెల్లగా ముంచండి. నీడ పడగానే దోమ పిల్లలు అడుక్కి జారతాయి, రెండు నిమిషాలు కప్పు కదపకుండా పెడితే పైకొస్తాయి. నీటి మట్టానికి సమాంతరంగా, పైన అంటుకున్నట్టు పడుకుంటే అనాఫిలిస్. తోక దగ్గరి గొట్టం పైకి ఆనించి తలకిందులుగా వేలాడితే క్యూలెక్సో ఏడిసో. గోడ మీద వాలిన పెద్దదైతే, తోక పైకెత్తి వాలుగా కూర్చునేది అనాఫిలిస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇలాంటి దోమ కడుపులోనే.

బ్రాడీపేట_లైను:
గుంటూరు నుంచి. మైక్రోస్కోప్ గారితో ఏకీభవిస్తూనే గట్టు గారిని ఒకటి అడుగుతున్నా. లార్వా పని అంటే మందు చల్లి వెళ్లిపోవడమేనా? మన దగ్గర అది కూడా పొగలాగే మొక్కుబడిగా జరుగుతోంది.

టెమీఫాస్ (జనం అబేట్ అంటారు) 50 శాతం మందు 10 లీటర్ల నీళ్లకి రెండున్నర మిల్లీలీటర్లు కలిపి, చదరపు మీటరుకి 20 మిల్లీలీటర్ల ద్రావణం చల్లాలి, ప్రతి వారం. మందు లార్వా లోపలికి పోవాలి. ప్యూపా (లార్వాకీ రెక్కల దోమకీ మధ్య దశ) ఏమీ తినదు, మందు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. కామా ఆకారంలో గెంతుతూ కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, అది రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. అక్కడ నూనె కావాలి, పైన పొర కట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. కానీ కాలవలో ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క ఉంటే పొర చీలుతుంది, చీలిన చోట పిల్లలు బతుకుతాయి. పారే కాలవలో ఆయిల్ బాల్ (నూనెలో నానబెట్టిన పొట్టు మూట) వేస్తే నూనె కిందికి కొట్టుకుపోతుంది. కాబట్టి ముందు పూడిక, తరవాత మందు. ఈ వరస తప్పితే ఏ డబ్బాడు మందు పోసినా దండగే.

లార్వాని తినే గంబూసియా చేపలు బావులకి, చెరువులకి బాగుంటాయి. మీటరు గట్టుకి 5–10 చేపలు చాలు. చిక్కటి మురుగులో అవి బతకవు, అక్కడ గప్పీ చేపలు కొంత నయం. చేపల చెరువులోకి, వాగులోకి మాత్రం గంబూసియాని వదలకండి, నాటు చేపల గుడ్లు, పిల్లలు తినేస్తుంది.

కుండీల_మేడ:
తాగే నీళ్ల ట్యాంకులో మందు వేస్తామంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. బలవంతం చేస్తే తలుపే తీయరు. ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయకండి.

మైక్రోస్కోప్:
మేడం, భయం సహజమే. లీటరుకి ఒక మిల్లీగ్రాము మించకపోతే తాగే నీళ్లలో టెమీఫాస్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకి 50 శాతం మందు 2 మిల్లీలీటర్లు. అంచనాగా మూతతో ఒంపడం కాదు, కొలిచే వేయాలి. అయినా ఇంటి ట్యాంకుకి మందుకంటే మూతే మేలని నా అభిప్రాయం. మూత చుట్టూ సందు లేకుండా బిగించడం, ఓవర్‌ఫ్లో పైపు నోటికి నైలాన్ మెష్ కట్టడం (కన్ను 1.2 మిల్లీమీటర్లకి మించొద్దు), వారానికోసారి పైకెక్కి చూడటం. సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టానికి కూడా అదే మెష్. ఆ గొట్టం మన ఇళ్లలో క్యూలెక్స్‌కి రాజమార్గం, ఎవరూ దానివైపు చూడరు. కూలర్ నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడ పీచుతో రుద్దాలి. ఏడిస్ గుడ్లు అక్కడ అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు, నీళ్లు పోయగానే పొదుగుతాయి. ఫ్రైడే డ్రైడే (ప్రతి శుక్రవారం నిలవ నీళ్లు ఒంపేయడం) వారానికోసారి ఎందుకంటే, ఏడు రోజుల్లోపు ఒకసారి ఒంపితే దోమ రెక్కలు తొడగలేదు.

బ్రాడీపేట_లైను:
వేసవిలో కాలవలకి నీళ్లు ఆపే రోజులు కూడా గుర్తుంచుకోండి. పారినంతకాలం బందరు, ఏలూరు కాలవల్లో దోమ నిలవదు. కట్టేశాక అడుగున మిగిలే మడుగులే ఫ్యాక్టరీలు. సిబ్బందిని పంపాల్సింది ఆ వారాల్లో అక్కడికి.

బుడమేరు_ఇవతల:
జ్వరం సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? మనిషిలో క్రిమి ఉంటేనే దోమకి దొరుకుతుంది. వైవాక్స్ అనే రకం మలేరియాలో క్లోరోక్విన్ మూడు రోజులు వేసుకోగానే జ్వరం తగ్గుతుంది, కాలేయంలోని క్రిముల్ని చంపే ప్రైమాక్విన్ 14 రోజులది మూడో రోజే ఆపేస్తారు. అక్కడ నిద్రపోతున్న క్రిములు కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తాయి. జనం దాన్ని "కొత్తగా దోమ కుట్టింది" అనుకుంటారు. గర్భిణులకి, పసిపిల్లలకి ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లకి రోజూ ఇచ్చే 14 రోజుల కోర్సు పనికిరాదు, డాక్టరే చూసి నిర్ణయించాలి. అందుకే సొంత వైద్యం వద్దు, ముందు రక్త పరీక్ష. మాత్రలు వేసుకున్నాక తీసిన స్లైడులో క్రిమి దొరకకపోవచ్చు.

రైవస్‌కాలవ_గట్టు:
ఈ విషయంలో మనిద్దరికీ తేడా లేదు. 1965లో దేశం మొత్తం మీద లక్ష కేసులకి దించి, నిఘా సడలించాక 1976కి 64 లక్షలకి చేరాం. మన రాష్ట్రంలో మలేరియా ఇప్పుడు ఎక్కువగా అల్లూరి, మన్యం ఏజెన్సీల్లోనే ఉంది కదా అని పరీక్షలు తగ్గించడం అలాంటి పనే.

బుడమేరు_ఇవతల:
అయితే తాళం వేసిన ఇళ్ల సంగతి చెప్పండి. ఓనరు హైదరాబాదులో, డాబాకి తాళం, పైన మూతలేని ట్యాంకు. మీ నీళ్ల మనిషి గేటు దగ్గర్నుంచే వెనక్కొస్తాడు. ఆ వీధిలో కేసు పడితే నేను పొగే అడుగుతాను.

రైవస్‌కాలవ_గట్టు:
కేసు పడితే నేనూ అడుగుతాను. అయితే వీధి పొగ కంటే ముందు ఇంటి లోపల పైరెథ్రమ్ అనే దోమల మందు కొట్టాలి, 2 శాతం మందు ఒక పాలు కిరోసిన్ 19 పాళ్లు, ఆ ఇల్లూ చుట్టూ 50 ఇళ్లూ. తాళం ఇళ్లకి అసోసియేషన్ పూనుకోవాల్సిందే: డాబా తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉండాలి. వారం మించి ఊరెళ్లేవాళ్లు ట్యాంకు ఖాళీ చేసి అడుగు వాల్వు తెరిచి, ఫ్రిజ్ ట్రే, కూలర్ ఒంపి, కమోడ్ మూత వేసి వెళ్లాలి.