అప్‌డేట్: విద్యార్థుల ఆన్‌లైన్ జర్నల్స్ ఎంతవరకు వచ్చాయంటే

సెమిస్టర్ మొదట్లో అడిగాను: మా విద్యార్థులు వారం వారం ఆన్‌లైన్ జర్నల్ రాస్తున్నారు, కానీ క్లాసులో చెప్పిందే తిరిగి అప్పజెబుతున్నారు, ఏం చేయాలి అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది ప్రశ్నలు మార్చడం. "ఈ వారం ఏం నేర్చుకున్నారు?" అంటే సిలబస్సే వస్తుంది. అందుకే విద్యావేత్త గ్రాహం గిబ్స్ 1988లో ప్రతిపాదించిన చక్రం (తమ అనుభవాన్ని అంచెలంచెలుగా తరచి చూసుకునే ప్రశ్నల వరస) తీసుకున్నాను: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది, ఏది బాగోలేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ ఎదురైతే ఏం చేస్తారు. అన్నీ ఒకేసారి ఇస్తే ఫారం నింపినట్టు రాస్తారు. కాబట్టి "ఎందుకు" దగ్గరే ఎక్కువ పట్టుబట్టాను. ఒకమ్మాయి గ్రూప్ ప్రజెంటేషన్‌లో తను మాట్లాడకపోవడానికి కారణం టెన్షన్ కాదని, ఆ గ్రాఫ్ తనకే సరిగ్గా అర్థం కాలేదని రాస్తూ రాస్తూ తేల్చుకుంది. తర్వాతి ఎంట్రీలో అదే గ్రాఫ్‌ను తన మాటల్లో వివరించింది. ఎంత సంతోషమేసిందో!

రెండోది, ఎవరు చదువుతారన్నది. క్లాసంతా చూసే పేజీ నుంచి, టీచరుకూ రాసినవాళ్లకూ మాత్రమే కనిపించే మూడుల్ (ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్) జర్నల్‌కు మారాం. రాతలో దాపరికం తగ్గింది. తోటివాళ్ల స్పందన పోయింది, అది నష్టమే.

మార్కుల సంగతి మాత్రం తేలలేదు. మనసులో మాటకు మార్కులేయడం నాకు నచ్చదు, వేయకపోతే కొందరు రాయరు. ప్రస్తుతానికి రాసినందుకు కొద్ది మార్కులిస్తూ, రాసిన విషయానికి ఒక ప్రశ్నతో జవాబిస్తున్నాను.