క్రిస్మస్ డిన్నర్‌కి ప్రైమ్ రిబ్: ఒకే రోస్ట్ అత్తమామలకీ, ఫ్రెండ్స్‌కీ సరిపోయేలా ఎలా చేయాలి?

డల్లాస్_గోంగూర:

అందరికీ నమస్తే. ఈసారి క్రిస్మస్ డిన్నర్ మా ఇంట్లో, మొత్తం పది మందిమి. మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, మావారి ఆఫీసు ఫ్రెండ్స్ వాళ్ళ కుటుంబాలతో వస్తున్నారు, తెలుగు చర్చి నుంచి ఒక జంట కూడా. మావారికి ఎప్పట్నుంచో ఒకటే కోరిక, పండక్కి టేబుల్ మధ్యలో పెద్ద ప్రైమ్ రిబ్ (ఎముకలతో ఉండే పక్కటెముకల వైపు బీఫ్ ముక్క) పెట్టి అందరి ముందూ ముక్కలు కోయాలని. బీఫ్ కూర, వేపుడు, బిర్యానీ నేను రోజూ చేసేవే, కానీ ఏడు పౌండ్ల మాంసాన్ని కోయకుండా అలాగే ఓవెన్‌లో పెట్టి వండటం ఇదే మొదలు, అదీ ఇంత ఖరీదు పెట్టి కొన్నాక పాడైతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

నా సమస్యలు చెప్తాను. ఫ్రెండ్స్‌కి లోపల గులాబీ రంగులో మీడియం రేర్‌గా ఉండాలి, అత్తగారికి, మామగారికి ఏమాత్రం ఎర్రగా కనిపించినా ప్లేటు పక్కన పెట్టేస్తారు. రెండు రోస్టులు చేసే వీల్లేదు. అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం రాత్రంతా పట్టించమంటున్నారు అత్తగారు, అది మంచిదేనా? ఓవెన్ ఒక్కటే ఉంది, అందులోనే బిర్యానీ దమ్ పెట్టాలి. చర్చి జంట బీఫ్ తినరు, వాళ్ళకి చికెన్ బిర్యానీ. డిన్నర్ సాయంత్రం ఆరింటికి. పొద్దున ఆరాధన ఉంది కాబట్టి పన్నెండు దాటాకే ఇంటికి వస్తాం. చేసినవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

ఓవెన్_కబుర్లు:

టెన్షన్ వద్దండీ, మీ టైమింగ్‌కి సరిగ్గా సరిపోయే పద్ధతి ఉంది. దీన్ని రివర్స్ సియర్ అంటారు, అంటే ముందు తక్కువ వేడిలో నెమ్మదిగా ఉడకనిచ్చి, చివర్లో గట్టి వేడిలో పైన ఎర్రగా కాల్చడం. మామూలుగా మొదటే పెద్ద మంట పెడితే పైన అంగుళం మందాన బూడిద రంగుకి తిరిగి మధ్యలో మాత్రమే గులాబీగా మిగులుతుంది, ఇలా చేస్తే అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు వస్తుంది.

ముందు కొనడం సంగతి. ప్రైమ్ రిబ్ అని పేరుంది కదా అని అన్నిటికంటే పై రకమైన ప్రైమ్ గ్రేడే కొనక్కర్లేదు, దాని తర్వాతి ఛాయిస్ గ్రేడ్ చక్కగా సరిపోతుంది. ఒక ఎముకకి ఇద్దరు లెక్క వేస్తారు, మీ దగ్గర బిర్యానీ, ఇంకా ఏవేవో ఉంటాయి కాబట్టి మూడు ఎముకల ముక్క, ఏడు పౌండ్లు చాలు. మాంసం కౌంటర్‌లో అడిగితే ఎముకలు విడగొట్టి మళ్ళీ దారంతో కట్టి ఇస్తారు, అది తప్పకుండా చేయించుకోండి, టేబుల్ దగ్గర మీవారు దారం తెంపి ఎముకలు పక్కకి తీసేస్తే ముక్కలు ఒక్క పెట్టున తెగుతాయి. గడ్డకట్టినది కొంటే ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, నాలుగైదు పౌండ్లకి ఒక రోజు లెక్కన మీకు దాదాపు రెండు రోజులు పడుతుంది. కిచెన్ గట్టు మీద పెట్టి కరిగించొద్దు.

ముందు రోజు రాత్రి పౌండుకి ముప్పావు టీస్పూన్ లెక్కన ముతక కోషర్ ఉప్పు అన్ని వైపులా రుద్ది, ఏమీ కప్పకుండా ర్యాక్ మీద పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మొదట ఉప్పు నీళ్ళు లాగుతుంది, ఆ నీళ్ళలోనే కరిగి మళ్ళీ మాంసంలోకి ఇంకుతుంది, పైతోలు ఆరిపోతుంది. ఆ ఆరడమే ముఖ్యం, తడిగా ఉన్న మాంసం ఎంత వేడి పెట్టినా ఆవిరి పడుతుందే తప్ప కాలదు.

ఇక వండటం. ఓవెన్ 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టండి. మాంసం మధ్యలోకి, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చండి. వైరు ఉన్న ప్రోబ్ అయితే ఓవెన్ తలుపు తీయకుండానే నంబరు కనిపిస్తుంది. అది లేకుండా ఈ వంట మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తాను, ఎందుకంటే పౌండుకి ఇన్ని నిమిషాలు అని రాసే లెక్కలు మాంసం మందాన్ని బట్టి, మీ ఓవెన్‌ని బట్టి తారుమారైపోతాయి. ఐసు నీళ్ళలో పెట్టి 32 చూపిస్తుందో లేదో ముందు రోజే చూసుకోండి. మధ్యలో 120 రాగానే బయటికి తీసేయాలి. ఇంత ముక్కకి మూడున్నర నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. పన్నెండున్నరకి పెడితే నాలుగున్నర లోపు అయిపోతుంది. తీశాక కూడా లోపలి వేడి ఇంకో ఐదు డిగ్రీలు అటూ ఇటూగా పెరుగుతుంది. ఫాయిల్ వదులుగా కప్పి గట్టు మీద గంట ఉంచేయండి, చల్లారిపోతుందని భయపడకండి, అంత పెద్ద ముక్క అంత తొందరగా చల్లారదు. ఆ గంట మీ ఓవెన్ ఖాళీ. బిర్యానీ దమ్ అప్పుడు పెట్టుకోండి!

ఐదున్నరకి బిర్యానీ తీసేసి ఓవెన్‌ని 500 డిగ్రీలకి పెంచి, పూర్తిగా వేడెక్కాక రోస్ట్‌ని లోపల పెట్టి ఆరు నుంచి పది నిమిషాలు, పైన ముదురు గోధుమ రంగు వచ్చేదాకా. కొవ్వు పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసి ఉంచండి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది. అప్పటికే రెస్ట్ అయింది కాబట్టి తీసిన వెంటనే కోయొచ్చు.

అత్తగారి సంగతికొస్తే, రెండు చివర్ల ముక్కలు ఎలాగూ మధ్య కంటే ఎక్కువ ఉడుకుతాయి, అవి వాళ్ళకి. అయినా గులాబీ కనిపిస్తే, కింద పళ్ళెంలో దిగిన రసంలో బీఫ్ బ్రాత్ కలిపి వెడల్పాటి పాన్‌లో మరిగిస్తూ ఉంచండి, ముక్కని అందులో ఒకటి రెండు నిమిషాలు తిప్పండి. చూస్తుండగానే రంగు మారిపోతుంది, రసం పట్టి మెత్తగానే ఉంటుంది. ముక్క పల్చగా కోస్తే ఇంకా తొందరగా అవుతుంది. పెద్దవాళ్ళకి నేను ఇదే చేయమంటాను, రంగు కోసమే కాదు. అమెరికా వ్యవసాయ శాఖ కూడా బీఫ్ రోస్ట్‌కి 145 డిగ్రీలు, ఆ తర్వాత మూడు నిమిషాల రెస్ట్ సురక్షితం అంటుంది. మీడియం రేర్ దాని కంటే తక్కువలో ఉంటుంది, అది తినాలా వద్దా అన్నది ఎవరికి వారు తెలిసి ఎంచుకోవాలి. గర్భిణులు, వయసు పైబడినవాళ్ళు, చిన్నపిల్లలకి బాగా ఉడికినదే పెట్టండి.

ఇంకొకటి, ప్లేటులో దిగే ఎర్రనీళ్ళు రక్తం కాదని మామగారికి ముందే చెప్పండి. అది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు.

రోలు_రోకలి:

పైన ఓవెన్ గారు చెప్పిన దాంట్లో మసాలా సంగతి ఒక్కటే మిగిలింది, అది నేను చెప్తాను. అక్కా, అల్లం ముద్ద రాత్రంతా పట్టించొద్దు. అల్లంలో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, మనవాళ్ళు ముదురు మాంసానికి పచ్చి బొప్పాయి పట్టించేది కూడా అలాంటి గుణం కోసమే. ముదురు ముక్కకి అది పనికొస్తుంది గానీ, అసలే మెత్తగా ఉండే రిబ్‌కి రాత్రంతా పట్టిస్తే పైపొర పిండిపిండిగా అయిపోతుంది. పెరుగు తడి వల్ల పైన కాలదు. పైగా మసాలా ఎంత పట్టించినా పైన కొన్ని మిల్లీమీటర్లు దాటి లోపలికి పోదు, లోపల దాకా పోయేది ఉప్పు ఒక్కటే.

అలాగని చప్పగా తినాలని కాదు. మిరియాలు, కొంచెం ధనియాలు దోరగా వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, పొడి కాకూడదు, మిరియం రెండు మూడు ముక్కలైతే చాలు. దంచిన వెల్లుల్లి, మెత్తబడిన వెన్న, ఒక రెమ్మ రోజ్‌మెరీ ఆకులు కలిపి ఓవెన్‌లో పెట్టే ముందు పైన కొవ్వు వైపు రాయండి. కరివేపాకు మాత్రం ఇందులో కలపొద్దు, 500 డిగ్రీల్లో మాడి చేదెక్కుతుంది. కారం కూడా అంతే.

కారం, ఘాటు పక్కన పచ్చళ్ళలో పెట్టండి. ఇక్కడివాళ్ళు ప్రైమ్ రిబ్‌కి హార్స్‌రాడిష్ (ఘాటుగా ఉండే ఒక వేరు దుంప) కలిపిన సోర్ క్రీమ్ తింటారు కదా, ఆ ముక్కుకెక్కే ఘాటు మన ఆవాల్లో ఉండే ఘాటే, రెండిట్లోనూ ఉండే రసాయనం ఒకటే. అందుకని ఆవపిండి కొద్దిగా నీళ్ళు పోసి నూరి పది నిమిషాలు ఉంచి, గట్టి పెరుగులో ఉప్పు, పచ్చిమిర్చి ముద్దతో కలపండి. మీ అత్తగారికి ఇది కచ్చితంగా నోటికి హితవుగా ఉంటుంది, అమెరికన్ ఫ్రెండ్స్ ఎవరైనా వచ్చినా అడిగి మరీ వేయించుకుంటారు.

కారంపొడి:

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళు పూర్తిగా ఉడికిన మాంసమే తింటారని తెలిసి, వాళ్ళ వాటాని ప్రైమ్ రిబ్ నుంచే తీసి మరిగే రసంలో ముంచడం ఎందుకండీ, ఆ ధర పెట్టి? నాకైతే మనసొప్పదు. మీవారి కోరిక కోసం రెండు ఎముకల చిన్న రోస్ట్ చేయండి, పెద్దవాళ్ళకి చక్ రోస్ట్ విడిగా వండండి. చక్ అంటే భుజం వైపు మాంసం, ధర చాలా తక్కువ, రుచి మాత్రం రిబ్‌కి తీసిపోదు.

మూడు పౌండ్ల చక్ ముక్కని ఉప్పు వేసి మందపాటి గిన్నెలో అన్ని వైపులా ఎర్రగా వేయించి తీసి, అదే గిన్నెలో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి (ఇక్కడ అల్లం ఎంతైనా వేసుకోండి), ధనియాల పొడి, కారం, టమాటా, చివర్లో గసగసాల ముద్ద. మాంసం మళ్ళీ పెట్టి సగం మునిగేలా నీళ్ళు పోసి మూత బిగించి 300 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటల పైన. చక్‌లో ఉండే గట్టి నరాలు, పొరలు లోపలి వేడి 200 దగ్గరికి వచ్చాక జెల్ లాగా కరిగిపోతాయి, అప్పుడు గరిటె తగిలితే విడిపోతుంది. దీన్ని ముందు రోజే వండేసి పెట్టుకోవచ్చు, మర్నాటికి ఇంకా బాగుంటుంది, పండగ రోజు ఓవెన్ గొడవే ఉండదు. గుంటూరు నుంచి వచ్చిన మనిషికి ప్లేటులో ఇది కనిపిస్తే కలిగే సంతోషమే వేరు.

ఒక్క జాగ్రత్త, కౌంటర్‌లో ఐ ఆఫ్ రౌండ్ అని చవగ్గా, గుండ్రంగా చూడ్డానికి చక్కగా ఉండేది ఒకటి దొరుకుతుంది. దాన్ని ఇలా గంటలకొద్దీ ఉడికిస్తే పీచు పీచుగా ఎండిపోతుంది, అందులో కరగడానికి కొవ్వూ లేదు, పొరలూ లేవు.

లెస్టర్_నుంచి:

ఇంగ్లండ్‌లో ఆదివారం రోస్ట్ ఇంటింటా ఉండేదే కాబట్టి నేనూ ఒక మాట చెప్తాను. ఇక్కడ రోస్ట్ పక్కన యార్క్‌షైర్ పుడింగ్ తప్పనిసరి. గుడ్లు, మైదా, పాలు సమానంగా కొలిచి కలిపిన పల్చటి పిండి, బీఫ్ కొవ్వు పొగలు కక్కేంత వేడిగా ఉన్న మఫిన్ ట్రేలో పోసి తలుపు తీయకుండా ఇరవై నిమిషాలు పైగా, బాగా పొంగేదాకా. మీరు రోస్ట్ కోసే టైముకి ఓవెన్ ఎలాగూ మంచి వేడి మీద ఉంటుంది, 450కి తగ్గించి పెట్టేయండి. కావాలనుకుంటేనే సుమండీ, అన్నీ ఒకే రోజు పెట్టుకోవాలని లేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది మీ చర్చి జంట గురించి. రోస్ట్ కింద బంగాళాదుంపలు పెట్టి ఆ కొవ్వులోనే కాల్చడం ఇక్కడ మామూలు, చాలా వంటకాల్లో అలాగే రాస్తారు. మీ ఇంట్లో అలా చేయొద్దు. దుంపలు నూనెలో విడిగా కాల్చండి. యార్క్‌షైర్ పుడింగ్ చేస్తే వాళ్ళకి కొన్ని మామూలు నూనెతో వేరే ట్రేలో చేయండి, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో నోటితో చెప్పండి. కోసే చెక్క, కత్తి, గరిటెలు వేరు. బిర్యానీ గిన్నెని రోస్ట్ పళ్ళెంతో పాటు ఒకేసారి లోపల పెట్టొద్దు, మీ టైమింగ్‌లో అది ఎలాగూ రాదు. తినని మనిషి మన ఇంటికి వచ్చి నమ్మకంతో కూర్చుంటారు, ఏ గిన్నెలో ఏముందో అడిగించుకోకుండా మనమే చెప్పడం మర్యాద.

డల్లాస్_గోంగూర:

అందరికీ చాలా చాలా థాంక్స్. దుంపల సంగతి నాకు అసలు తట్టనే లేదు, చెప్పి మంచి పని చేశారు. మావారితో కూర్చుని మాట్లాడాను. మూడు ఎముకల బదులు రెండు ఎముకల రోస్ట్ ఓవెన్ గారు చెప్పినట్టే, చక్ రోస్ట్ 24వ తేదీనే వండేస్తాను, గసగసాలు అత్తగారే నూరతానన్నారు. ఆవ పెరుగు పచ్చడి కూడా ఆవిడ చేతికే అప్పగించేశా. ఒక్క డౌటు, రోస్ట్ చిన్నదైంది కదా, మరి టైము కూడా సగానికి తగ్గుతుందా? ఒకటిన్నరకి పెట్టినా అవుతుందా? ఇంకా, మిగిలిపోతే మర్నాడు ఏం చేయాలి, మళ్ళీ వేడి చేస్తే గట్టిపడుతుంది కదా?

ఓవెన్_కబుర్లు:

సగానికి తగ్గదండీ. ఎముకలు తగ్గితే ముక్క పొడుగు తగ్గుతుంది గానీ మందం అదే, వేడి మధ్యకి చేరాల్సిన దూరం పెద్దగా మారదు. కొంచెం ముందు అవుతుంది అంతే. ఒకటికల్లా పెట్టేసి మూడున్నర నుంచి నంబరు మీద కన్నేసి ఉంచండి. ముందే అయిపోతే నష్టం లేదు, ఫాయిల్ కప్పి ఇంకాసేపు ఉంచుకోవచ్చు. ఆలస్యమైతేనే అందరూ ఆకలితో కూర్చోవాలి.

మిగిలింది ఓవెన్‌లోంచి తీసిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. ముద్దగా వేడి చేయొద్దు. చల్లగా ఉన్నప్పుడే వేలంత సన్నగా కోసి, ఉల్లిపాయలు, కరివేపాకు, పచ్చిమిర్చి, పచ్చికొబ్బరి ముక్కలు నూనెలో బాగా వేయించాక, ఆఖర్న మాంసం వేసి మిరియాల పొడి చల్లి రెండు మూడు నిమిషాలు పెద్ద మంట మీద తిప్పి దించేయండి. ఎముకలు పారేయకండి, పప్పుచారుకి బదులు ఆ ఎముకల చారు పెట్టుకుని అన్నంలో పోసుకోండి.

రోలు_రోకలి:

ఎముకల చారులో రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క, నాలుగు మిరియాలు వేసి ప్రెషర్ కుక్కర్‌లో ముప్పావు గంట పెట్టండి అక్కా. రోస్ట్‌కి ఉప్పు పట్టించి ఉంటుంది కాబట్టి చారు దించి రుచి చూసేదాకా ఉప్పు వేయొద్దు.