పెద్దవాళ్ళకి పదాలు బట్టీ పట్టించాలా, జతలు నేర్పాలా?

గుణుపురం మాస్టారు: అరవై దాటినవాళ్ళ జ్ఞాపకశక్తి తరగతుల్లో ఇరవై పదాల పట్టిక అప్పజెప్పించడం దండగ. వాళ్ళకి ఎక్కువగా సడలేది రెండింటి మధ్య లంకె. మొహం గుర్తుంటుంది, పేరూ గుర్తుంటుంది. ఆ పేరు ఆ మొహానిదే అన్నది జారిపోతుంది. 2000లో మనస్తత్వ పరిశోధకుడు నవే-బెంజమిన్ ప్రతిపాదించింది ఇదే.

బరంపురం వాణి: ఒప్పుకోను మాస్టారూ. మెదడు వేగం తగ్గితే అన్నీ తగ్గుతాయి, 1996లో ఇంకో మనస్తత్వ పరిశోధకుడు సాల్ట్‌హౌస్ వాదన అదే. జత కష్టమైన పని కనక అక్కడ బయటపడుతుంది. టైం ఎక్కువివ్వండి చాలు.

గుణుపురం మాస్టారు: పరీక్ష ఎలా పెడతారో చూడమ్మా. 'గొడుగు–చింతపండు', 'తాళం–మేక' చూపిస్తారు. తర్వాత 'గొడుగు–మేక' చూపించి, ఈ జత చూశారా అంటారు. రెండూ తెలిసిన మాటలే కాబట్టి పెద్దవాళ్ళు 'ఆఁ, చూశాం' అనేస్తారు. విడి పదాల్లో కుర్రాళ్ళతో తేడా చిన్నది, ఇక్కడ పెద్దది. కుర్రాళ్ళకి చదివేటప్పుడు ఇంకో పని అప్పగించి చూశారు: విడి పదాలూ జతలూ రెండింటి జ్ఞాపకమూ తగ్గింది, జతలదొక్కటే కాదు. అంటే పెద్దవాళ్ళ జతల లోటు ఉత్త ధ్యాస తగ్గడం కాదన్నమాట.

పర్లాకిమిడి ఫార్మసిస్టు: మరి 2005 నాటి కాస్టెల్ ప్రయోగం? సరుకులకి మామూలు ధరలు చెబితే పెద్దవాళ్ళు కుర్రాళ్ళకి తీసిపోలేదు. ఎక్కడా లేని ధర చెబితేనే వెనకబడ్డారు. పాత అనుభవం ఆసరా ఉంటే లంకె నిలుస్తుందన్నమాట. 2010లో హాషర్ బృందం చూసింది ఇంకా ముఖ్యం: బొమ్మ మీద రాసి, పట్టించుకోవద్దన్న మాటల్ని కూడా పెద్దవాళ్ళు ఆ బొమ్మతో జత కట్టేశారు. అందుకే టీవీ మోగుతుండగా మందుల వేళలు చెప్పకూడదంటాను. బ్రాండ్ మారిస్తే స్ట్రిప్ రంగు మారి, కట్టిన జత తెగిపోతుంది. అది మా షాపుల తప్పు, వాళ్ళ వయసుది కాదు.

బరంపురం వాణి: సరే, తరగతిలో ఏం చేయాలి?

గుణుపురం మాస్టారు: ఒక విడతకి నాలుగైదు జతలే. ప్రతి జతకీ వాళ్ళ నోటితోనే వాక్యం కట్టించాలి: 'బీపీ మాత్ర పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన.' ఇలా కట్టమని చెబితే కుర్రాళ్ళతో తేడా తగ్గింది; చెప్పకపోతే చాలామంది తమంతట తాము కట్టరు. నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలు ఆగి అడగండి. తప్పితే వెంటనే సరైన జత చెప్పి, మళ్ళీ నిమిషం నుంచి. 'రాత్రి ఇదేనా?' అనకండి, తలూపేస్తారు. 'రాత్రి ఏది?' అనాలి. మన వైపు ఒడియా బడిలో చదివిన తెలుగువాళ్ళకి కార్డు ఒడియాలోనే రాయండి.

బరంపురం వాణి: ఆ వాక్యం కట్టుకోవడానికి కావలసింది టైమే కదా మాస్టారూ! నా మాట మీదే ఉన్నాను.

పర్లాకిమిడి ఫార్మసిస్టు: ఒకటి మాత్రం వేరు. రోజూ నడిచే వీధిలో దారి తప్పితే తరగతి కాదు, డాక్టరు దగ్గరికి. బీ12, థైరాయిడ్ కూడా చూడమనండి.