హబ్రేకి శిక్ష పడింది, మరి బాధితులకి ఏం దక్కింది?

వెన్నెలపిట్ట:

నిన్న రాత్రి నేనూ మా చెల్లీ కూర్చుని ఆఫ్రికాలోని చాద్ దేశపు మాజీ అధ్యక్షుడు హిస్సేన్ హబ్రే మీద వచ్చిన డాక్యుమెంటరీ చూశాం. ఆ దేశపు దర్శకుడే, మహమత్ సాలే హరూన్, తీసింది. 2016 మేలో కాన్ సినిమా ఉత్సవంలో వేశారట. క్లెమెంట్ అబైఫుటా అని ఒకాయన ఉంటాడు ఇందులో. ఆయన అప్పట్లో నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు, తోటి ఖైదీలు చనిపోతే వాళ్ల శవాలు పూడ్చే పని ఆయన చేత చేయించేవారు. ఇప్పుడు బాధితుల సంఘానికి ఆయనే పెద్ద. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, వాళ్లు చెప్పేది వింటాడు. చూపించేది చాలావరకు అదే, కానీ మా చెల్లి సగంలో లేచి వెళ్లిపోయింది, ఇక నావల్ల కాదు అని. నాకూ తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు.

హబ్రే 1982 నుంచి 1990 దాకా పాలించాడు. ఆ ఎనిమిదేళ్లలో అతని ప్రభుత్వం చేతిలో 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని తర్వాత వేసిన విచారణ సంఘం లెక్క కట్టింది. కాన్‌లో సినిమా వేసిన నెలలోనే, మే 30న, అతనికి జీవితఖైదు పడింది. 2021 ఆగస్టులో కోవిడ్‌తో చనిపోయాడు.

నాకు రెండు సంగతులు అర్థం కాలేదు. చాద్‌లో చేసిన నేరాలకి సెనెగల్‌లో విచారణ ఏంటి, అదీ పాతికేళ్ల తర్వాత? రెండోది, కోర్టు చెప్పిన పరిహారం బాధితుల చేతికి అందలేదని చదివాను. అలాంటప్పుడు సగం జీవితం ఈ కేసు చుట్టూ తిరిగిన వాళ్లకి చివరికి ఏం దక్కినట్టు? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి.

నల్లకోటు:

సెనెగల్ ఎందుకంటే అతను తలదాచుకున్నది అక్కడ కాబట్టి. 1990 డిసెంబరు 1న తిరుగుబాటు నాయకుడు ఇద్రిస్ దెబీ సేనలు చాద్ రాజధానిని ఆక్రమించేసరికి కామెరూన్ మీదుగా సెనెగల్ రాజధాని డకార్ చేరుకున్నాడు, అక్కడే ఇల్లూ వాకిలీ ఏర్పాటు చేసుకుని ఇరవై ఏళ్లకు పైగా పెద్దమనిషిలా బతికాడు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది, 1984 నాటిది. అందులో చేరిన దేశం, నిందితుడు తన గడ్డ మీద ఉంటే తనే విచారించాలి, లేదంటే విచారిస్తామన్న దేశానికి అప్పగించాలి. నేరం ఎక్కడ జరిగింది, దెబ్బలు తిన్నవాడు ఏ దేశస్థుడు అన్నది అడ్డు కాదు. 1998లో చిలీ మాజీ నియంత పినోచెట్‌ని లండన్‌లో అరెస్టు చేసినప్పుడు చాద్ బాధితులకి ఈ దారి కనిపించింది.

2000 జనవరిలో డకార్‌లో ఫిర్యాదు చేస్తే ఫిబ్రవరికల్లా అభియోగం నమోదైంది. అక్కడిదాకా చకచకా సాగింది. ఆ తర్వాత సెనెగల్‌లో ప్రభుత్వం మారింది, 2001లో పైకోర్టు మాకు అధికారం లేదు పొమ్మంది. వీళ్లు బెల్జియం తలుపు తట్టారు, 2005లో అక్కడ వారంట్ వచ్చింది, సెనెగల్ అతన్ని పంపలేదు. 2006లో ఆఫ్రికన్ యూనియన్, ఆఫ్రికా తరఫున నువ్వే విచారించు అని సెనెగల్‌కి చెప్పింది. దాన్నీ డబ్బుల్లేవంటూ ఏళ్ల తరబడి నాన్చారు. చివరికి బెల్జియం వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2012 జూలై 20న, ఆలస్యం చేయకుండా విచారించు, లేకపోతే అప్పగించు అని తేల్చింది. అదే ఏడు సెనెగల్ అధ్యక్షుడు కూడా మారడంతో కథ కదిలింది. ఆఫ్రికన్ యూనియన్‌తో కలిసి ప్రత్యేక కోర్టు పెట్టారు, 2015లో, మళ్లీ జూలై 20నే, విచారణ మొదలైంది.

మొదటి రోజు హబ్రే అరిచి గోల చేస్తే బయటికి తీసుకుపోయారు. అతని లాయర్లు రాకపోతే కోర్టే వేరే లాయర్లని పెట్టి, కేసు చదువుకోవడానికి వాళ్లకి 45 రోజులు టైమ్ ఇచ్చింది. సెప్టెంబరులో గార్డులు అతన్ని మోసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆ తర్వాత విచారణ పొడవునా తలపాగా, నల్ల కళ్లద్దాలు, నోట మాట లేదు. 90 మందికి పైగా సాక్షులు అతని ముందే చెప్పాల్సింది చెప్పి వెళ్లారు. ఒక దేశపు మాజీ అధినేతని మరో దేశపు గడ్డ మీద ఆఫ్రికా వాళ్లే ఇలా విచారించి శిక్షించడం అదే మొదటిసారి.

పాతకాగితాలు:

నల్లకోటు గారు చెప్పింది అంతా నిజమే, కానీ కోర్టులో పెట్టడానికి సాక్ష్యం ఎక్కడిది అన్నది ఇంకా పెద్ద కథ. సులేమాన్ గెంగెంగ్ అని ఒక మామూలు అకౌంటెంట్. 1988లో పట్టుకెళ్లారు, రెండేళ్లకు పైగా జైలు. పక్కన మనుషులు చనిపోతుంటే చూస్తూ, నేను గనక బతికి బయటపడితే వీళ్లకి న్యాయం జరిగేదాకా వదలను అని దేవుడి ఎదుట మాట ఇచ్చుకున్నాడు. హబ్రే పారిపోయాక జైలు తలుపులు తెరుచుకున్నాయి. ఈయన ఇంటికెళ్లి పడుకోలేదు, తోటి బాధితుల్ని కూడగట్టి ఒక్కొక్కరి చేత చెప్పించి రాయించాడు, 792 మంది వాంగ్మూలాలు. అయితే కొత్త ప్రభుత్వంలో కూడా పాత పోలీసులే పదవుల్లో ఉన్నారు, బెదిరింపులు మొదలయ్యాయి. ఆ కాగితాలన్నీ ఇంట్లో దాచి ఏళ్ల తరబడి అలాగే కాపాడాడు. డకార్ ఫిర్యాదుకి పునాది అవే.

తర్వాత 2001లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే హక్కుల సంస్థ తరఫున వెళ్లిన లాయరు రీడ్ బ్రాడీ వాళ్లు, చాద్ రాజధాని ఎన్‌జమేనాలో డీడీఎస్, అంటే హబ్రే రహస్య పోలీసుల పాత ఆఫీసులోకి అడుగుపెడితే నేలంతా కాగితాలే. ఎవరూ తగలబెట్టలేదు, అలాగే దుమ్ములో పడున్నాయి. ఆ పక్కనే ఫ్రెంచివాళ్ల కాలం నాటి ఈతకొలను, దాని మీద కాంక్రీటు కప్పేసి, లోపల పది గదులు కట్టి జైలు చేశారు, ఎండకి లోపల ఊపిరాడేది కాదు. ఆ కాగితాల్లోంచి 12,321 మంది బాధితుల పేర్లు బయటపడ్డాయి, అందులో 1,208 మంది నిర్బంధంలోనే చనిపోయారు. 898 మంది ఖైదీల గురించి నేరుగా హబ్రేకే 1,265 సమాచారాలు వెళ్లాయి. నాకేం తెలియదు, కిందివాళ్లు చేశారు అనడానికి వీల్లేకుండా పోయింది.

అన్నిటికన్నా నన్ను కుదిపింది ఒక్క కాగితం. జబ్బుపడ్డ యుద్ధఖైదీల్ని ఆసుపత్రికి పంపించమని రెడ్‌క్రాస్ అడిగిన కాగితం మీదే చేత్తో రాసి ఉంది, ఇకమీదట చచ్చిపోతే తప్ప ఏ యుద్ధఖైదీ జైలు దాటకూడదని. ఆ చేతిరాత హబ్రేదేనని నిపుణుడు కోర్టులో చెప్పాడు.

ఎడారిగాలి:

నేను కొంచెం ఒప్పుకోనండి. గెంగెంగ్ లాంటివాళ్లకి చేతులెత్తి మొక్కాలి, దాంట్లో రెండో మాట లేదు. కానీ డకార్‌లో శిక్ష ఒక్కడికే పడిందని మరిచిపోతున్నాం. 1984లో దక్షిణ చాద్‌లో ఊళ్లకు ఊళ్లు ఊచకోత కోసినప్పుడు సైన్యాధిపతి ఎవరు? ఇదే దెబీ. ఆయన తర్వాత ముప్పై ఏళ్లు అధ్యక్షుడిగా ఉండి ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే పోయాడు. పక్కనున్న లిబియా పాలకుడు గడాఫీకి అడ్డుకట్ట వేస్తాడని హబ్రేకి ఆయుధాలూ డబ్బూ ఇచ్చిన అమెరికా, ఫ్రాన్స్ పేర్లు నిందితుల జాబితాలో ఎక్కడా లేవు. చాద్‌లో కూడా 2015 మార్చిలో డీడీఎస్ మనుషులు 20 మందికి శిక్ష వేశారు, హబ్రే మీద సెనెగల్‌లో విచారణ దగ్గరపడ్డాకే అది కదిలింది.

డబ్బు సంగతి ఇంకా అన్యాయం. 2017 ఏప్రిల్ అప్పీలు తీర్పులో 7,396 మందికి 8,200 కోట్ల సీఎఫ్ఏ ఫ్రాంకులకు (చాద్‌లో వాడే డబ్బు) పైగా ఇవ్వాలన్నారు. లైంగిక హింసకు గురైనవాళ్లకి 2 కోట్లు, జైల్లో చిత్రహింసలు పడ్డవాళ్లకి కోటిన్నర, చనిపోయినవాళ్ల కుటుంబీకులకి కోటి. నిధి ఏర్పాటు చేశామన్నారు, డబ్బు కదలలేదు. 2024లో చాద్ ప్రభుత్వం తలా 9,25,000 ఫ్రాంకులు పంచింది. కోటిన్నర ఎక్కడ, ఇదెక్కడ? ఈలోగా ఎంతమంది చనిపోయారో. తీర్పు చరిత్రాత్మకం అని మనం రాసుకుంటాం, అక్కడ ముసలామె మందులకి దానితో పనిలేదు కదా.

పాతకాగితాలు:

ఎడారిగాలి గారూ, డబ్బు విషయంలో మీ కోపం న్యాయమైనదే, దెబీ విషయంలోనూ వాదించను. కానీ వెన్నెలపిట్ట అడిగింది ఏం దక్కింది అని. వాళ్ల లాయరు జాక్లీన్ ముదేనా మీద 2001లో ఎన్‌జమేనాలో గ్రెనేడ్ విసిరారు. కాలికి గాయాలయ్యాయి, అయినా వెనక్కి తగ్గలేదు, పద్నాలుగేళ్ల తర్వాత అదే కాళ్లతో డకార్ కోర్టులో నిలబడి వాదించింది. ఖైదీలుగా పంపిన ఎడారి శిబిరంలో సైనికులు తమని ఏం చేశారో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేకపోయిన ఆడవాళ్లు, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత జడ్జీల ముందు చెప్పారు. ఒకామె నన్ను హబ్రే స్వయంగా చెరిచాడు అంది. అప్పీలులో ఆ ఒక్క నేరం కొట్టేశారు, ఆమె ఆ సంగతి ఆలస్యంగా చెప్పడంతో మొదటి అభియోగాల్లో లేదన్న కారణంతో. ఆమె చెప్పింది నమ్మదగింది కాదని మాత్రం ఆ కోర్టు అనలేదు. అది ఆమెకి చిన్నదో పెద్దదో నేను చెప్పలేను.

ఇంకొకరి గురించి చెప్పాలి. రోజ్ లోకిసిమ్. ఆమె కూడా ఖైదీ. లోపల ఎవరున్నారు, ఎవరు చనిపోయారు అన్నది రాసి రహస్యంగా బయట కుటుంబాలకి పంపేది. పట్టుబడింది. 1986 మేలో చేసిన ఆఖరి విచారణ కాగితం ఆ ఆఫీసు నేల మీదే దొరికింది. నేనిక్కడ చచ్చిపోయినా విచారం లేదు, చాద్ నాకు కృతజ్ఞతలు చెప్పుకుంటుంది, చరిత్ర నా గురించి మాట్లాడుకుంటుంది అని ఆమె అన్నట్టు పోలీసులే రాసుకున్నారు. ఈమె మారే రకం కాదు, కఠినంగా శిక్షించాలి అని కూడా రాశారు. చంపేశారు. ఆ మాటలు మనదాకా తెచ్చింది ఆ పోలీసుల కాగితమే.

వెన్నెలపిట్ట:

అందరికీ థ్యాంక్స్. ఎడారిగాలి గారూ, ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నాకూ కోపం ఆగట్లేదు. రోజ్ సంగతి పొద్దున మా చెల్లికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, రాత్రికి మళ్లీ మొదటి నుంచి పెట్టు, ఈసారి లేచి వెళ్లను అంది.