టీవీకి ల్యాప్‌టాప్ కలిపితే నాలుగు అంచులూ తెగిపోతున్నాయి, ఏం చేయాలి?

తెనాలి_లెక్కలు:
మా చిన్నోడి బంతి తగిలి ల్యాప్‌టాప్ తెర పగిలింది. రిపేరుకి వారం పడుతుందన్నారు. 20వ తారీకు లోపు జీఎస్‌టీ రిటర్నులు వేయాలి కాబట్టి హాల్లో ఉన్న 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి కూర్చున్నా. బొమ్మ వచ్చింది గానీ చుట్టూ ఎవరో కత్తిరించినట్టుంది. ఎక్సెల్‌లో వరస నంబర్లు కనపడవు. కింద గడియారం తల మాత్రమే కనిపిస్తోంది, అది 3 గంటలో 8 గంటలో ఊహించుకోవాలి. కిటికీ మూసే ఇంటూ గుర్తు అసలే లేదు, ఆల్ట్ ఎఫ్4తో నెట్టుకొస్తున్నా. రిజల్యూషన్ 1280×720కి తగ్గించి చూశా. అక్షరాలు లావయ్యాయి, అంచులు మాత్రం అలాగే తెగాయి. షాపతను 400 పెట్టి కొత్త కేబుల్ కొనమంటున్నాడు. కొనమంటారా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే దాని కమాండ్ సెంటర్ తెరిచి, డిస్‌ప్లేలో స్కేల్ కస్టమ్ పెట్టి కాస్త కుదించండి. ఏఎండీలో హెచ్‌డీఎంఐ స్కేలింగ్ అని ఉంటుంది. రెండు నిమిషాల పని.

పాతడబ్బా:
కేబుల్ జోలికి పోకండి. కేబుల్ పాడైతే చుక్కలు రావాలి, బొమ్మ ఆగి ఆగి రావాలి. అంచులు ఇంత నీటుగా తెగవు.

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పాత డబ్బా టీవీల్లో బొమ్మ అంచులు తిన్నగా ఉండేవి కావు. అందుకని బొమ్మని కాస్త పెద్దది చేసి, అంచుల్ని చట్రం వెనక దాచేవాళ్లు. గాజు గొట్టం పోయినా ఆ అలవాటు పోలేదు. మీ టీవీ బొమ్మని 5 శాతం పెంచుతోందనుకోండి, పైనా కిందా దాదాపు 26 పిక్సెళ్ల చొప్పున పోతాయి. విండోస్ 10 టాస్క్‌బార్ ఎత్తే 40. గడియారానికి తల ఒక్కటే ఎందుకు మిగిలిందో చూశారా!

పై తమ్ముడు చెప్పింది పనిచేస్తుంది గానీ, ల్యాప్‌టాప్ కుదించిన బొమ్మని టీవీ మళ్లీ సాగదీస్తుంది. ఎక్సెల్ అంకెలు అలుక్కుపోతాయి. ముందు టీవీ రిమోట్ పట్టుకోండి. పిక్చర్ సైజులో ఎల్‌జీకి జస్ట్ స్కాన్, శాంసంగ్‌కి స్క్రీన్ ఫిట్, సోనీకి డిస్‌ప్లే ఏరియాలో ఫుల్ పిక్సెల్ అని ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని మళ్లీ 1920×1080కి తెచ్చాకే వెతకండి.

తెనాలి_లెక్కలు:
1080కి తెచ్చా. మాది మీరు చెప్పిన కంపెనీల్లో ఏదీ కాదు. మెనూ అంతా గాలించా. 16:9, 4:3, జూమ్, అంతే.

పాతడబ్బా:
ఇన్‌పుట్ల జాబితాలో హెచ్‌డీఎంఐ 1 మీద నిలబడి, పేరు మార్చే వీలుందేమో చూడండి. ఉంటే పీసీ అని పెట్టండి. కొన్ని టీవీలు ఆ పేరు చూస్తేనే బొమ్మని సాగదీయకుండా వదిలేస్తాయి.

తెనాలి_లెక్కలు:
అయిపోయింది! పేరు పీసీ అని పెట్టగానే తెర ఒక్కసారి నల్లబడి, గడియారం కిందున్న తేదీతో సహా వచ్చేసింది. ఎర్రక్షరాల చుట్టూ ఉన్న మసక కూడా పోయింది, అది నా కళ్లజోడు తప్పనుకున్నా ఇన్నాళ్లూ. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ 2లో ఉంది, దాన్ని ముట్టుకోలేదు, కాబట్టి అమ్మ సీరియల్ ఎప్పటిలాగే వస్తోంది. ఏడున్నరకి మాత్రం రిమోట్ ఆవిడదే, రిటర్నులు ఆ తర్వాతే.