పాత లంబసింగి ఫోటో: డీహేజ్ పెడితే మంచే మాయమవుతోంది, ఎలా ఎడిట్ చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పాత హార్డ్‌డిస్క్ సర్దుతుంటే 2014 డిసెంబర్ చివర్లో లంబసింగిలో తీసిన ఫోల్డర్ కనబడింది. అందులో ఒక ఫోటో చూశాక పక్కన పెట్టబుద్ధి కావట్లేదు. ముందు వలిసె చేను నిండా పూలు, వెనక సిల్వర్ ఓక్ చెట్లు వరస వెంట వరస మంచులో కలిసిపోతూ ఉన్నాయి. కెనాన్ 600డీ, కిట్ లెన్స్, ట్రైపాడ్, ఎఫ్/16, ఐఎస్ఓ 400. రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన అసలు డేటా) బాగానే ఉంది. కానీ ఫోటో అంతా నీలం కలిసిన బూడిద రంగు. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ పెంచితే చెట్లు నల్లగా తేలి మంచు పోతోంది. 12×18 ప్రింటు వేయించి అమ్మావాళ్ల ఇంట్లో పెట్టాలని ఉంది. దారి చెప్పండి.

జవాబు:
ముందు ఆ ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఎడిటింగ్ సంగతి ఆ తర్వాత.

రా ఉండటం చాలా మంచిదైంది. 600డీ రా 14 బిట్లు, అంటే ఒక్కో రంగుకి 16,384 మెట్లు. జేపెగ్‌లో 256 మాత్రమే. మంచు ఫోటోలో టోన్లన్నీ హిస్టోగ్రామ్ (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. వాటిని జేపెగ్‌లో సాగదీస్తే తెల్లటి భాగంలో చారలు పడతాయి.

డీహేజ్ సున్నాకి తెచ్చేయండి. ఆ స్లైడర్ పనే మంచుని తీసేయడం, మీ ఫోటోలో ఉన్నదే మంచు. బూడిద రంగుకి అసలు కారణం మీటరింగ్, అంటే కెమెరా వెలుగుని కొలిచే పద్ధతి. ఎదురుగా ఏమున్నా కెమెరా దాన్ని మధ్యస్థ బూడిదగా లెక్కేస్తుంది, తెల్లటి దృశ్యాన్ని చీకటి చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా పెంచి చూడండి. హిస్టోగ్రామ్ కుడివైపు జరగాలి, అంచుకి మాత్రం తగలకూడదు. తర్వాత కాంట్రాస్ట్ స్లైడర్ జోలికి పోకుండా టోన్ కర్వ్‌లో (వెలుగునీడలు దిద్దే గీత) నీడలుండే కింది భాగం కొద్దిగా కిందికి లాగండి. అన్నిటికన్నా దగ్గరి చెట్టు కాండం ఒక్కటే ముదురు రంగుకి రావాలి. రెండో వరస దానికన్నా లేత, మూడోది ఇంకా లేత. ఆ తేడా వల్లే లోతు కనబడుతుంది. వెనక చెట్లు నల్లబడ్డాయంటే కర్వ్ ఎక్కువ లాగారన్నమాట.

ఎఫ్/16 లాంటి చిన్న అపర్చర్‌లో తీశారు కాబట్టి సెన్సర్ మీది దుమ్ము మంచులో మచ్చలుగా కనిపించి తీరుతుంది. హీల్ టూల్‌లో విజువలైజ్ స్పాట్స్ ఆన్ చేసి తుడిచేయండి. లైట్‌రూమ్ లేనివాళ్లు డార్క్‌టేబుల్ వాడుకోవచ్చు, ఉచితం. అందులో ఈ పనికి రీటచ్ అనే మాడ్యూల్ ఉంది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ, ఎక్స్‌పోజర్ పెంచగానే సగం ప్రాణం వచ్చింది. కానీ మంచు మీద ఐడ్రాపర్ (తెలుపు ఏదో చూపించే టూల్) పెట్టి వైట్ బ్యాలెన్స్ (ఫోటో మొత్తం రంగు ఛాయ) సరిచేస్తే పూలు బాగున్నాయి గానీ మంచు మట్టిరంగుకి తిరిగింది.

మరో సభ్యుడు, నర్సీపట్నం నుంచి:
అన్నా, ఆ ఐడ్రాపర్ వద్దు. ఘాట్ ఎక్కితే లంబసింగి మాకు దగ్గరే, చలికాలమంతా చూస్తూనే ఉంటాం. సూర్యుడు రాకముందు అక్కడి మంచు నిజంగానే నీలంగా ఉంటుంది. వెలుగంతా ఆకాశం నుంచే వస్తుంది కదా. ఎండ తగిలాక లేత పసుపుకి తిరుగుతుంది. ఫైల్లో టైమ్ చూడండి. డిసెంబర్ చివర్లో అక్కడ పొద్దు పొడిచేది దాదాపు ఆరున్నరకి. అంతకుముందు తీసుంటే నీలం అలాగే ఉంచాలి. తెల్లకాగితంలా చేస్తే అది లంబసింగి కాదు.

అడిగినవారు:
6:10 చూపిస్తోంది తమ్ముడూ. మరి పూలు ఆకుపచ్చగా కొడుతున్నాయి, వాటినేం చేయాలి?

జవాబు:
తమ్ముడు చెప్పింది నిజం. మొత్తానికి డేలైట్ ప్రీసెట్ పెట్టి ఆపేయండి. తర్వాత కింది నుంచి పైకి లీనియర్ గ్రేడియంట్ మాస్క్ (ఎడిట్ ఒక భాగానికే తగిలి మెల్లగా తగ్గిపోయేలా చేసే టూల్) గీసి, చేను వరకే టెంపరేచర్ కొంచెం వెచ్చగా జరపండి. డీహేజ్ పెట్టాలనే ఉంటే ఈ మాస్కులోనే, +10 దాటకుండా. మాస్క్ అంచు చెట్ల మొదళ్ల దగ్గర మెల్లగా కరిగిపోవాలి, లేకపోతే గీత కనబడుతుంది.

600డీ తరం కెనాన్ సెన్సర్లలో నీడలు లేపితే గీతల్లాంటి నాయిస్ బయటికొస్తుంది, కాబట్టి షాడోస్ ఎక్కువ పెంచకండి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన, నాయిస్ తగ్గించే ఏఐ డీనాయిస్ ఉంటే 25, 30 దగ్గర ఆపండి. మరీ నున్నగా చేస్తే మంచు ప్లాస్టిక్‌లా తయారవుతుంది.

ప్రింటుకి మీ ఫైలు సరిగ్గా సరిపోతుంది. 5184 పిక్సెళ్లు 18 అంగుళాలకి వస్తే అంగుళానికి 288. నిష్పత్తి కూడా 3:2, కత్తిరించే పనే లేదు. ఎస్‌ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. మానిటర్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఒకసారి చూసుకోండి, ప్రింటు ఎప్పుడూ స్క్రీన్ కన్నా ముదురుగానే వస్తుంది. కాగితం మ్యాట్ అడగండి. గ్లాసీ అయితే ఇంట్లో ట్యూబ్‌లైట్ దాని మీద పడి మంచంతా మెరుస్తుంది. పెద్దది వేయించేముందు అదే ఫైలు 4×6 సైజులో ఒకటి తీయించి పగటి వెలుగులో చూడండి. రెండో వరస చెట్లు అందులో ముదురుగా కలిసిపోయి విడిగా కనబడకపోతే ఎక్స్‌పోజర్ ఇంకో 0.2 పెంచి పంపండి.