హోల్‌బ్రుక్ చెయ్యి ఎత్తడం సరైనదేనా? 2012 అట్లాంటా, ఎనిమిదో ఇన్నింగ్స్

టర్నర్ పాతకాపు
బేస్‌బాల్ ప్లేఆఫ్స్ వచ్చాయంటే మా ఇంట్లో ఇదే గొడవ. ఈసారి ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 2012 అక్టోబర్ 5, అట్లాంటాలో మా అప్పటి స్టేడియం టర్నర్ ఫీల్డ్. మా అట్లాంటా బ్రేవ్స్‌కూ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కూ వైల్డ్ కార్డ్ పోటీ, అంటే ప్లేఆఫ్స్‌లో ముందుకు వెళ్లేదెవరో తేల్చే ఆట. ఒకే ఒక్క ఆట, ఓడినవాళ్లు ఇంటికి. ఆ పద్ధతి మొదలైందే ఆ ఏడాది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 6-3తో వెనకబడి ఉన్నాం. ఒక్కరే అవుట్. మా రన్నర్లు మొదటి బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు. ఆండ్రెల్టన్ సిమన్స్ కొట్టిన బంతి గాల్లోకి లేచి లెఫ్ట్ ఫీల్డ్ వైపు పోయింది. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ పీట్ కోజ్మా వెనక్కి వెనక్కి వెళ్లాడు, లెఫ్ట్ ఫీల్డర్ మాట్ హాలిడే ముందుకు వచ్చాడు. చివరి క్షణంలో కోజ్మా పక్కకు తప్పుకున్నాడు. బంతి ఇద్దరి మధ్య గడ్డి మీద పడింది. మూడు బేస్‌లూ నిండాయని స్టేడియమంతా లేచి నిలబడింది. తీరా చూస్తే లెఫ్ట్ ఫీల్డ్ అంపైర్ శామ్ హోల్‌బ్రుక్ చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అట, అంటే క్యాచ్ పట్టకపోయినా బ్యాటర్‌ను అవుట్ ఇచ్చే నిబంధన. సిమన్స్ అవుట్.

బ్యాటర్ నిలబడే హోం ప్లేట్ నుంచి సుమారు 225 అడుగుల దూరంలో పడిన బంతి అది. దాన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని ఏ మొహంతో అంటారు? ఆ రోజు నేను అక్కడే, పై అంతస్తులో ఎడమ వైపున ఉన్నాను. నా కళ్లతో చూశాను.

ఎర్రపిట్ట
సెయింట్ లూయిస్ నుంచి రాస్తున్నాను కాబట్టి నా పక్షం ఏదో ముందే చెప్పేశాను. కానీ నిబంధన చదవండి. అందులో దూరం మాటే లేదు. గాల్లోకి లేచిన బంతిని ఇన్‌ఫీల్డర్, అంటే బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్, మామూలు శ్రమతో పట్టగలడా లేదా, అంతే. గడ్డి అంచు, బేస్ లైన్ లాంటి గీతలు పెట్టుకుని తేల్చకూడదని నిబంధన కింద ఇచ్చిన వ్యాఖ్యలో విడిగా రాశారు కూడా. కోజ్మా బంతి కిందికి చేరాడు, నాది అన్నట్టు చేతులెత్తాడు. ఆట అయ్యాక తాను పట్టాల్సిన బంతేనని తనే ఒప్పుకున్నాడు. పట్టాల్సినవాడే ఒప్పుకున్నాక 225 అడుగులు ఎందుకు కొలుస్తున్నారు?

లెక్కల మాస్టారు
ఈ ఒక్క బంతి గురించి ఎన్నేళ్లు మాట్లాడతారు? ఆ రోజు బ్రేవ్స్ చేసిన తప్పులు మూడు. చిప్పర్ జోన్స్ ఒకటి, డాన్ అగ్లా ఒకటి, ఇదే సిమన్స్ ఒకటి. నాలుగో ఇన్నింగ్స్‌లో చిప్పర్ రెండో బేస్‌కు విసిరిన బంతి తలమీదుగా పోవడంతోనే కార్డినల్స్‌కు తలుపు తెరుచుకుంది, మూడు పరుగులు వచ్చాయి. మనవాళ్లు హిట్లు (బ్యాటర్‌ను బేస్ చేర్చిన దెబ్బలు) 12 కొట్టారు, వాళ్లు 6. పన్నెండు హిట్లు కొట్టి మూడు పరుగులు చేసిన జట్టుకు అంపైర్ ఏం చేస్తాడు?

టర్నర్ పాతకాపు
మాస్టారూ, ఆ మూడు తప్పులకు శిక్ష పడింది. 6-3 అంటేనే ఆ శిక్ష. దాని మీద ఇంకో శిక్ష ఎందుకన్నదే నా ప్రశ్న.

ఎర్రపిట్ట గారూ, నిబంధన చదవమన్నారు, చదివాను. అంపైర్ "వెంటనే" ప్రకటించాలని ఉంది. హోల్‌బ్రుక్ ఎప్పుడు ప్రకటించాడు? బంతి నేలకు దిగిపోతుండగా. వెంటనే అంటే రన్నర్లకు తెలిసేలా అని అర్థం. మా రన్నర్లకు తెలియలేదు, హాలిడేకు తెలియలేదు, స్టేడియంలో ఉన్న యాభై వేల మందికి పైగా జనానికి తెలియలేదు. తెలియని ప్రకటన ప్రకటనేనా?

డగౌట్
చెయ్యి చాలా ఆలస్యంగా లేచింది. వీడియోలో స్పష్టంగా ఉంది.

కొత్త ప్రేక్షకుడు
నేను డాలస్ వచ్చి రెండేళ్లు. క్రికెట్ తప్ప తెలియదు, ఇప్పుడిప్పుడే బేస్‌బాల్ చూస్తున్నాను. క్యాచ్ పట్టకుండానే అవుట్ ఇవ్వడమేమిటి? ఎవరైనా చెప్పగలరా?

ఎర్రపిట్ట
చెబుతాను. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లు ఉన్నారనుకోండి. తేలికైన బంతి గాల్లోకి లేచింది. ఎలాగూ పట్టుకుంటారు కాబట్టి రన్నర్లు బేస్ వదలలేరు. అప్పుడు ఫీల్డర్ కావాలని బంతి జారవిడిస్తే రన్నర్లు తప్పనిసరిగా పరిగెత్తాలి, పరిగెత్తేలోపు ఇద్దరినీ అవుట్ చేయవచ్చు. పట్టుకుంటే ఒక అవుట్, వదిలేస్తే రెండు! ఈ మోసాన్ని ఆపడానికే 1890ల నుంచి ఈ నిబంధన ఉంది. ఇలాంటి బంతి అని అంపైర్ ప్రకటించగానే బ్యాటర్ అవుట్. ఇక ఫీల్డర్ వదిలేసినా లాభం లేదు.

టర్నర్ పాతకాపు
చాలా బాగా చెప్పారు. ఇప్పుడు మీరు చెప్పిందే తీసుకుని నాకు జవాబివ్వండి. కోజ్మా అంత దూరంలో బంతిని కావాలని వదిలేస్తే ఇద్దరిని అవుట్ చేయగలడా? రన్నర్లు బేస్‌ల మధ్య సగం దూరం వచ్చి నిలబడతారు, అక్కడి నుంచి ఎటైనా పోగలరు. ఏ మోసం జరుగుతుందని రక్షించారు? రన్నర్లను కాపాడటానికి పుట్టిన నిబంధనతో రన్నర్ల జట్టునే కొట్టారు. గొడుగు తీసి తలమీద బాదినట్టుంది.

ఎర్రపిట్ట
డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) సాధ్యమా కాదా అని లెక్క వేయమని నిబంధన అంపైర్‌ను అడగదు. అడిగితే ప్రతి బంతికీ తగువే. మామూలు శ్రమతో పట్టగలడా, అంతే. హోల్‌బ్రుక్ ఎందుకు ఆగాడో కూడా చెబుతాను. బంతి లేవగానే అరిస్తే, గాలికి అది ఇంకా వెనక్కి పోతే? ఫీల్డర్ బంతి కింద కుదురుకున్నాడని చూశాకే చెయ్యి ఎత్తాలి. అతను చెప్పింది కూడా అదే. మీరు ఆలస్యం అంటున్నారు, నేను జాగ్రత్త అంటున్నాను.

టర్నర్ పాతకాపు
కోజ్మా కుదురుకోలేదు. వెనక్కి నడుస్తూనే ఉన్నాడు.

ఎర్రపిట్ట
కుదురుకున్నాడు. ఆగాడు.

టర్నర్ పాతకాపు
ఆగలేదు.

డగౌట్
ఒక అడుగు ఆగినట్టుంది, మళ్లీ కదిలాడు.

లెక్కల మాస్టారు
ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరేం? రన్నర్లు ఇద్దరూ ముందుకు జరిగారు. మన బ్యాటర్ మెకాన్‌కు వాక్ వచ్చింది, అంటే నాలుగు చెడ్డ బంతులకు ఊరికే మొదటి బేస్, బేస్‌లు మూడూ నిండాయి. మీరు కోరుకున్న అవకాశం వచ్చింది! తర్వాతి బ్యాటర్ బోర్న్ మూడు స్ట్రైకులతో అవుటయ్యాడు. ఇందులో హోల్‌బ్రుక్ ఎక్కడున్నాడు?

టర్నర్ పాతకాపు
ఒక అవుట్‌తో మూడు బేస్‌లు నిండటం, రెండు అవుట్లతో నిండటం ఒకటేనా? మీరు లెక్కల మాస్టారని పేరు పెట్టుకుని ఆ మాట అనకూడదు.

మారియెట్టా అమ్మ
నాకు ఆ ఆట గురించి అంతగా తెలియదు, కానీ అంపైర్ల గురించి తెలుసు. మా అబ్బాయికి పన్నెండేళ్లు, పోయిన వసంతంలో ఆఖరి ఇన్నింగ్స్‌లో చీలమండ ఎత్తున వచ్చిన బంతిని స్ట్రైక్ (బ్యాటర్ కొట్టాల్సిన మంచి బంతి) అన్నారు. వాడు ఏడవలేదు, హెల్మెట్ తీసి అక్కడే పెట్టి వచ్చేశాడు. నేను ఆట అయ్యాక వెళ్లి మర్యాదగా అడిగాను, "ఎందుకో పిల్లాడికి ఒక్క మాట చెప్పండి" అని. ఆయన నా వైపు చూడకుండా సంచి సర్దుకుని వెళ్లిపోయారు. తప్పు చేయని మనిషి ఎందుకు మొహం తిప్పుకుంటాడు?

ఎర్రపిట్ట
అమ్మా, ఎందుకు తిప్పుకుంటాడో నేను చెబుతాను. నేను ఆరేళ్లుగా శనివారాలు పిల్లల ఆటలకు అంపైర్‌గా నిలబడుతున్నాను. ఒకసారి మీలాగే "ఒక్క మాట అడగాలి" అంటూ ఒక తండ్రి నా వెంట కారు దాకా వచ్చాడు. నేను లోపల కూర్చున్నాక తలుపు మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు, మూయనివ్వలేదు. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది, దానికి ఎనిమిదేళ్లు. ఆయన అడిగింది ప్రశ్న కాదు. ఆ రోజు నుంచి నేనూ సంచి సర్దుకుని ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోతాను.

ఇక అట్లాంటా సంగతి. మీరంతా 225 అడుగులు, చెయ్యి, ఆలస్యం అంటున్నారు. ఆ తర్వాత 19 నిమిషాలు ఆట ఎందుకు ఆగిందో ఒక్కరూ రాయలేదు. సీసాలు, డబ్బాలు విసిరారు. ఆటగాళ్లు మైదానం వదిలి లోపలికి పోవాల్సి వచ్చింది. అభిమానం అంటే అదేనా? సిగ్గుపడాల్సినదాన్ని వదిలేసి చెయ్యి ఎప్పుడు లేచిందని కూర్చున్నారు!

టర్నర్ పాతకాపు
నేను సీసా విసరలేదు. నా చుట్టుపక్కల వాళ్లను కూర్చోబెట్టడానికే ప్రయత్నించాను. తెలియకుండా అందరినీ ఒకే గాటన కట్టకండి. 2011లో సెప్టెంబర్ మొదట్లో వైల్డ్ కార్డ్ చోటుకు మాకు ఎనిమిదిన్నర ఆటల ఆధిక్యం ఉంటే చివరి రోజుకు ఆ చోటు మీ జట్టు చేతికే పోయింది. అప్పుడు ఎవరినీ ఏమీ అనలేదు. ఆ ఓటమి మాది, మోశాం. 2012లో మేము 94 గెలిచాం, మీరు 88. పాత పద్ధతి అయితే ఈ ఆటే ఉండేది కాదు. అదీ మోశాం. ఇది మాత్రం మాది కాదు.

డగౌట్
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

కొత్త ప్రేక్షకుడు
క్రికెట్‌లో 2019 ప్రపంచకప్ ఫైనల్లో ఓవర్‌త్రో విషయంలో ఐదు పరుగులకు బదులు ఆరు ఇచ్చారు. టీవీలో చూశాక తన నిర్ణయంలో పొరపాటు ఉందని అంపైర్ ధర్మసేన తర్వాత ఒప్పుకున్నారు. ఇక్కడ అలా ఎవరూ అనలేదా?

టర్నర్ పాతకాపు
తమ్ముడూ, సరిగ్గా నా బాధ అదే. ఇంతసేపూ చెయ్యి గురించి వాదించాను కానీ, నా కడుపులో ఉన్నది వేరు. చెప్పేస్తాను.

ఆ రోజు మా నాన్నగారు నా పక్కన ఉన్నారు. ఆరు నెలలు ఉండటానికి వచ్చారు, అదే ఆయన చూసిన మొదటి బేస్‌బాల్ ఆట. మధ్యాహ్నం నుంచి ఆయనకు నేర్పుతున్నాను, వేళ్లతో లెక్కపెట్టుకుంటూ ఒకటి అవుట్, రెండు అవుట్ అని చెబుతున్నారు. బంతి పడగానే ఆయనా లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత సీసాలు మొదలైతే నా మోచేయి పట్టుకుని, "అడగడానికి వేరే చోటు లేదా వీళ్లకు?" అన్నారు. ఉంది నాన్నా, మేనేజర్ ఫ్రెడీ గొంజాలెజ్ నిరసన నమోదు చేశాడు, పైవాళ్లు వింటారు అన్నాను. ఆ రాత్రే లీగ్ అధికారి జో టోరీ దాన్ని కొట్టేశారు. అది అంపైర్ విచక్షణ, విచక్షణ మీద నిరసన చెల్లదన్నారు. అప్పటి నిబంధన 4.19.

నాన్నగారు ముప్పై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. మధ్యలో రెండేళ్ల సర్వీసు లెక్కలోకి రాదని ఒక ఆఫీసులో ఆయన ఫైలు వెనక్కి పంపారు. కారణం అడిగితే అధికారి విచక్షణ అని ఒక్క ముక్క రాశారు. ఆయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చాలా ఏళ్లు దాచారు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక టీవీలో టోరీ మాట విని, "నా ఫైలు మీద రాసిందీ ఇదేరా" అన్నారు. ఇంకేమీ అనలేదు.

హోల్‌బ్రుక్ మనిషి, పొరబడవచ్చు. 2010లో అంపైర్ జిమ్ జాయిస్ పొరబడ్డాడు, బౌలింగ్ చేసే పిచర్ గలరాగాకు పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని ఆట) పోయింది. ఆ రాత్రే తప్పు నాదేనని కన్నీళ్లతో ఒప్పుకున్నాడు. ఆ మనిషి మీద ఎవరికైనా కోపం ఉందా? నిర్ణయం మార్చమని నేను అడగలేదు. నీ మాట విన్నాం, ఇదిగో మా కారణం అని ఎదురుగా నిలబడి చెప్పాలి కదా. విచక్షణ అనే మాట అంటే చాలు, తలుపు మూసుకుపోతుంది.

మారియెట్టా అమ్మ
నేను అడిగింది కూడా ఇంతే.

ఎర్రపిట్ట
మీ నాన్నగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది.

కానీ నేను చూసే వైపు కూడా వినండి. హోల్‌బ్రుక్ దాక్కోలేదు. ఆట అయ్యాక విలేకరుల ముందు కూర్చుని ఎందుకు అలా ఇచ్చాడో చెప్పాడు. జాయిస్ తప్పు కంటికి కనిపించే తప్పు, బేస్ మీద కాలు ముందా బంతి ముందా అన్నది. హోల్‌బ్రుక్ తన నిర్ణయం సరైనదనే నమ్మాడు. నమ్మని క్షమాపణ చెప్పించుకుంటే మీకు తృప్తిగా ఉంటుందా?

ఇంకొకటి. 1985 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్లను తేల్చే చివరి సిరీస్) ఆరో ఆటలో మా కార్డినల్స్‌కు అన్యాయం జరిగింది. కాన్సస్ సిటీలో తొమ్మిదో ఇన్నింగ్స్, మేము 1-0తో ముందున్నాం, అవుటైన హోర్హే ఓర్టాను అంపైర్ డాన్ డెంకింజర్ సేఫ్ అన్నాడు. 2-1తో ఓడాం, మర్నాడు 11-0తో సిరీసే పోయింది. అతను తప్పు ఒప్పుకున్నాడు. అయినా మా ఊరి రేడియోవాళ్లు అతని ఇంటి చిరునామా, ఫోన్ నంబరు చెప్పేశారు. చంపుతామని బెదిరింపులు వెళ్లాయి. నేను అప్పటికి ఈ దేశమే రాలేదు. కానీ మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆ పేరు వింటే మొహం ఎర్రబడతాడు, 2023లో డెంకింజర్ పోయాడని తెలిసిన రోజున కూడా ఒక మంచి మాట అనలేదు. ఒప్పుకున్నవాడికి జరిగిందది. మీరు తలుపు తెరవమంటున్నారు. ఆ తలుపులోంచి మీ నాన్నగారు ఒక్కరే రారు, నా కారు తలుపు పట్టుకున్నవాడూ వస్తాడు.

లెక్కల మాస్టారు
చిప్పర్ ఆ బంతి సరిగ్గా విసిరి ఉంటే ఈ చర్చే లేదు.

టర్నర్ పాతకాపు
మాస్టారూ, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు అయ్యాక, నలభై ఏళ్ల వయసులో బ్యాట్ విరిగినా ఇన్‌ఫీల్డ్ హిట్‌తో మొదటి బేస్ చేరినవాడు కూడా చిప్పరే. ఆయన ఆఖరి బ్యాటింగ్ అది. అది కూడా రాసుకోండి.

ఎర్రపిట్ట గారూ, మీ అమ్మాయి విషయం చదివాక మీ మీద కోపం పోయింది. నాన్నగారిని, ఆ తండ్రిని ఒకే తలుపు దగ్గర నిలబెట్టడం మాత్రం ఒప్పుకోను. ఒకడు బెదిరించాడని మిగతావాళ్ల ప్రశ్నకు జవాబు లేకుండా పోకూడదు.

ఇందాక వీడియో మళ్లీ పెట్టి, ఆపి ఆపి చూశాను. కోజ్మా ఆగిన మాట నిజమే, ఒక్క అడుగు. హోల్‌బ్రుక్ చెయ్యి ఆ తర్వాతే లేచింది. పై అంతస్తులో నేను కూర్చున్న చోటికి కోజ్మా వీపు మాత్రమే కనిపించింది, అందుకే ఇన్నాళ్లూ ఆగలేదనే అనుకున్నాను. అది ఒప్పుకుంటున్నాను.

అంత దూరం వెనక్కి పరిగెత్తి, వెనక నుంచి హాలిడే అడుగుల చప్పుడు వింటూ నిలబడటం "మామూలు శ్రమ" అంటే మాత్రం ఒప్పుకోను.

ఎర్రపిట్ట
శనివారం ఆట అయ్యాక మళ్లీ చూసి రాస్తాను.